దేవరియా తాల్ దారిలో మంచు ఉందా? ఉంటే ఏ మంచు?

డిసెంబరు సగం దాటిందంటే ఉత్తరాఖండ్ ప్రయాణం పెట్టుకున్న తెలుగువాళ్ల నోట ఒకటే ప్రశ్న: "దేవరియా తాల్‌లో ఇప్పుడు మంచు ఉందా?" జవాబులు మాత్రం మూడు రకాలుగా వస్తాయి. మామూలు బూట్లతో, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లొచ్చామంటారు ఒకరు. దిగేటప్పుడు నాలుగుసార్లు కూలబడ్డాం, కాళ్లకి ఇనుప పళ్లు లేకుండా వెళ్లొద్దంటారు ఇంకొకరు. అసలు మంచే లేదు, అంతదూరం వెళ్లడం దండగ అంటారు మూడోవారు. ముగ్గురూ ఒకే వారంలో వెళ్లి ఉండొచ్చు, ముగ్గురి మాటా నిజమే కావొచ్చు.

ఎందుకంటే ఆ కొండ సరస్సుకి వెళ్లే దారికి తేలిక నడక అన్న పేరు వచ్చింది పొడి నేల మీద. రాళ్ల మెట్ల మీద ఏముందన్నది మాత్రం శీతకాలంలో రోజు రోజుకీ, ఒక్కోసారి గంట గంటకీ మారుతుంది. ఆ మార్పు ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ మూడు జవాబుల్లో మన ప్రయాణానికి ఏది వర్తిస్తుందో తేల్చుకోవచ్చు.

## ముందు దారి సంగతి

దేవరియా తాల్ రుద్రప్రయాగ జిల్లాలో, సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న సరస్సు. కేదారనాథుడి ఉత్సవమూర్తి శీతకాలమంతా కొలువుండే ఉఖీమఠ్ దీనికి దగ్గరి పట్టణం. రుషీకేశ్ నుంచి దేవప్రయాగ, రుద్రప్రయాగ, కుండ్ మీదుగా ఉఖీమఠ్ చేరి, అక్కడినుంచి సారీ అనే ఊరికి వెళ్తే నడక మొదలు. సారీ సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సరస్సు దాకా రెండున్నర, మూడు కిలోమీటర్లు. ఎక్కాల్సింది 400 మీటర్లు. దారిలో ఎక్కువ భాగం రాళ్లు పరిచి ఉంటుంది. ఊరు దాటాక ఒక పాత శివాలయం, తర్వాత ఓక్, రోడోడెండ్రాన్ చెట్ల అడవి, ఆ పైన పచ్చిక మైదానం, దాని మధ్యలో నీళ్లు. ఆకాశం తేటగా ఉన్న ఉదయం 7,138 మీటర్ల చౌఖంబా ఆ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. యక్షుడు ధర్మరాజుని ప్రశ్నలడిగిన కొలను ఇదేనని స్థానికుల నమ్మకం.

వేసవిలో అయితే అలవాటు లేనివాళ్లు కూడా గంటన్నర, రెండు గంటల్లో ఎక్కేస్తారు. తాడు, గొడ్డలి లాంటివి పట్టుకోవాల్సిన చోటు ఒక్కటీ లేదు. తేలిక అనే పేరు అలా వచ్చిందే.

## ఒకే మాటలో ఐదు పదార్థాలు

చిక్కు మన భాషలోనే మొదలవుతుంది. లంబసింగిలో తెల్లవారుజామున కమ్ముకునేది మంచు. గడ్డిపరక మీద నిలిచే బొట్టు మంచు. హిమాలయాల్లో కురిసేది మంచు. గడ్డకట్టిన నీరూ మంచుగడ్డే. మనకి అవసరం పడలేదు కాబట్టి ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. కొండ దారిలో ఆ ఒక్క మాట సరిపోదు. దేవరియా తాల్ దారిలో శీతకాలంలో కాలికింద ఉండేది ఈ కింది వాటిలో ఏదో ఒకటి. చాలాసార్లు అన్నీ ఒకే రోజు తగులుతాయి.

అప్పుడే కురిసిన పొడిమంచు మొదటిది. బూటు దిగుతుంది, కర్రుకర్రుమంటుంది, జారుడు తక్కువ. ఫొటోల్లో అందరూ చూసి మురిసేది దీన్నే. రెండోది తొక్కుడుమంచు: జనం నడిచీ నడిచీ గట్టిపడిన బాట. చల్లగా ఉన్నంతసేపు దీనిమీద నడక హాయిగానే ఉంటుంది, కానీ మెల్లగా నునుపెక్కుతుంది. మూడోది ముద్దమంచు: మధ్యాహ్నపు ఎండకి సగం కరిగి నీళ్లూ మంచూ కలిసిన బురద. బూట్లు తడిపేది ఇదే. నాలుగోది అప్పడం పొర: కరిగిన పైపొర రాత్రికి మళ్లీ బిగుసుకుంటుంది, లోపల మాత్రం మెత్తగానే ఉంటుంది. అడుగు వేయగానే ఫటుక్కున విరిగి మోకాలిదాకా దిగబడుతుంది. దారి మధ్యలో ఇది అరుదు, పక్కకి తప్పుకుంటే తగులుతుంది.

ఐదోదాన్ని కొండవాళ్లు పాలా అంటారు. రాయి మీద గాజు పూసినట్టు ఉండే పలచని గడ్డ. చాలాసార్లు కంటికి తడిలాగే కనిపిస్తుంది. ఉఖీమఠ్ వైపు నీడ మలుపుల్లో తారురోడ్డు మీదా ఇదే ఉంటుంది, కార్లు జారేది దీనిమీదే. డ్రైవరు "ఆగే పాలా హై" అన్నాడంటే ముందు మలుపులో బ్రేకు మీద కాలు పెట్టడని అర్థం. "మంచు లేదు" అని తిరిగొచ్చినవాళ్లు చెప్పేది తెల్లగా కనిపించే మంచు గురించే. పాలా ఉందో లేదో ఆ మాటలో తేలదు.

## ఒక మెట్టు, ఐదు రోజులు

ఊహకి ఒక మెట్టు తీసుకుందాం. అడవిలో, సగం నీడలో ఉన్న చదునైన రాయి. జనవరిలో ఒక బుధవారం రాత్రి దాని మీద 25 సెంటీమీటర్ల మంచు పడిందనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణ కోసమే, క్రమం మాత్రం అక్కడ జరిగేదే.

గురువారం ఉదయం రాయి కనిపించదు. మొదట వెళ్లిన నలుగురికి ఆయాసం వస్తుంది, దిగబడ్డ పాదాన్ని ప్రతిసారీ పైకి లాగాల్సి వస్తుంది, వేగం సగానికి పడిపోతుంది. కానీ పడిపోయేవాళ్లు తక్కువ. పడ్డా దూదిలో పడ్డట్టే. శుక్రవారానికి మంచు తన బరువుకి తానే కుంగి 15 సెంటీమీటర్లకు దగ్గరవుతుంది. అడుగుల్లో అడుగులు పడి సన్నటి కాలవలాంటి బాట ఏర్పడుతుంది. శని, ఆదివారాల్లో ఢిల్లీ, డెహ్రాడూన్‌ల నుంచి జనం వచ్చిపడతారు. కొన్ని వందల బూట్లు తొక్కాక ఆ రాయి మీద మిగిలేది మూడు, నాలుగు సెంటీమీటర్ల గట్టి పలక. దానిలోంచి గాలి పోయింది. అంటే అది మంచుకంటే గడ్డకి దగ్గర.

ఆదివారం మధ్యాహ్నం ఎండ కాస్తుంది. పలక పైభాగం తడుస్తుంది. పైనున్న కొమ్మల మీది మంచు కరిగి టపటపా బొట్లు రాలతాయి, సరిగ్గా అదే చోట. రాత్రి మైనస్ 4. సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆ మెట్టు చూడండి: ఎండ తగిలే సగం నల్లగా పొడిగా ఉంది, రాయి కనిపిస్తోంది. నీడ సగం మీద బూడిదరంగు గాజుపొర, అందులో ఇరుక్కున్న ఒక ఓక్ ఆకు, దాని తెల్లటి అడుగుభాగం పైకి తిరిగి. మంచు పడి ఐదు రోజులైంది, కొత్తగా ఒక్క చినుకు లేదు, ఆకాశం నీలంగా ఉంది. ఆ వారంలో అన్నిటికన్నా జారుడు రోజు ఇదే.

అందుకే దారి ఎలా ఉందన్న ప్రశ్నలో మూడు ప్రశ్నలుంటాయి. చివరిసారి మంచు ఎప్పుడు, ఎంత పడింది? ఆ తర్వాత ఎంతమంది నడిచారు? ఆ తర్వాత ఎన్ని పగళ్లు కరిగి, ఎన్ని రాత్రులు గడ్డకట్టింది? ఈ మూడూ తెలిస్తే ఫొటో అక్కర్లేదు. ఇవి తెలియకుండా చూసిన ఫొటో, నిన్నటిదైనా, పెద్దగా పనికిరాదు. గురువారం తీసిన తెల్లటి ఫొటో చూసి సోమవారం వెళ్లినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

## జారడం వెనక లెక్క

పొడి రాయి మీద బూటు రబ్బరు అడుగుకి ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.6 నుంచి 0.8 దాకా ఉంటుంది. తడిసిన గడ్డ మీద అది 0.1కి, కొన్నిసార్లు అంతకన్నా కిందికి పడిపోతుంది. ఈ అంకెని వాలుతో పోల్చి చూస్తే సంగతి తెలుస్తుంది. గుణకం 0.1 అంటే సుమారు 6 డిగ్రీల వాలు మీద కదలకుండా నిలబడినా జారిపోతాం.

ఇప్పుడు మన దారి. 400 మీటర్ల ఎత్తు, దూరం మధ్యస్థంగా 2,750 మీటర్లనుకుంటే వాలు వందకి 14.5, కోణంలో 8 డిగ్రీల పైచిలుకు. అంటే దారి సగటు వాలే గడ్డ భరించగలిగినదానికన్నా ఎక్కువ. మెట్లున్నాయి కాబట్టి పాదం పెట్టేచోటు కొంత చదునుగా ఉంటుంది, లేకపోతే పైకి వెళ్లడమే కుదరదు. మెట్లు అరిగి వాలిన చోట్ల, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏటవాలుగా పరిచిన రాళ్ల దగ్గర ఈ లెక్క నేరుగా వర్తిస్తుంది. జనం పడేదీ అక్కడే.

ఇంకో అంకె. చదునైన నేలమీద మామూలు అంగలతో నడవడానికే సుమారు 0.2 గుణకం కావాలి. మడమ ముందుకు తాకేటప్పుడు నేలని తోసే బలం అంత ఉంటుంది. అంగ సగానికి తగ్గిస్తే ఆ అవసరమూ తగ్గుతుంది. గడ్డ మీద పొట్టి అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనించడం, మోకాళ్లు కొద్దిగా వంచడం అనే సలహా వెనక ఉన్నది ఇదే. మెత్తటి మంచులో దిగేటప్పుడు మాత్రం సరిగ్గా తిరగేయాలి: మడమ బలంగా దించితేనే పట్టు దొరుకుతుంది. గడ్డ మీద మడమ దించారో, వెల్లకిలా పడతారు. కాలికింద ఏ మంచు ఉందో గుర్తుపట్టాలనేది అందుకే.

చలి ముదిరితే జారుడు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మైనస్ 15లోని గడ్డకన్నా సున్నా దగ్గరి గడ్డ రబ్బరుకి ఎక్కువ జారుతుంది, పైన నీటి పొర ఉంటుంది కాబట్టి. దేవరియా తాల్ ఎత్తులో శీతకాలపు ఉష్ణోగ్రతలు పగటికీ రాత్రికీ సున్నాకి అటూ ఇటూ ఊగుతుంటాయి. ఇంకా ఎత్తైన, ఇంకా చల్లని దారులకన్నా ఈ "చిన్న" దారి కొన్ని రోజుల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టడానికి కారణం అదే.

## వాతావరణ సూచన ఎలా చదవాలి

ఇక్కడ శీతకాలపు మంచు పశ్చిమ అలజడులతో వస్తుంది. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చే వాతావరణ వ్యవస్థలివి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. కొన్ని సీజన్లలో వరసకడతాయి, కొన్నిటిలో వారాలకి వారాలు మొహం చాటేస్తాయి. జనవరి వచ్చిందంటే దేవరియా తాల్ తెల్లగా ఉంటుందన్న హామీ లేకపోవడానికి కారణం ఇదే.

వాతావరణ శాఖ మాటలు మన రేడియో వార్తల్లో విన్నవే. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో 25 శాతం దాకా. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50, "అనేక చోట్ల" అంటే 51 నుంచి 75, "చాలా చోట్ల" అంటే 76 శాతం పైన. ఇది ఎంత ప్రదేశంలో కురుస్తుందన్న లెక్క. ఎంత కురుస్తుందో ఇందులో లేదు. పసుపు హెచ్చరిక అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే జాగ్రత్త చర్యలు మొదలుపెట్టమని.

డెహ్రాడూన్ కేంద్రం సూచనల్లో తరచూ "ఇన్ని మీటర్లకు పైన హిమపాతం" అని ఒక ఎత్తు ఉంటుంది. కళ్లు పోవాల్సింది ఆ అంకె మీదికి. 3,000 మీటర్ల పైన అంటే దగ్గర్లోని చోప్తా అనే మజిలీకి పైనున్న తుంగనాథ్ గుడికి (3,680 మీటర్లు) మంచు, దేవరియా తాల్‌కి చల్లటి వాన. 2,500 అంటే మన సరస్సు అంచు మీద ఉంది, అటైనా ఇటైనా కావొచ్చు. 2,000 అంటే సారీ ఊళ్లోనే ఇళ్ల కప్పులు తెల్లబడతాయి.

ఎత్తు అంకె దొరకకపోతే ఉఖీమఠ్ ఉష్ణోగ్రతతో లెక్క వేయొచ్చు. ప్రతి 100 మీటర్లకి సుమారు 0.65 డిగ్రీ తగ్గుతుంది. ఉఖీమఠ్ 1,300 మీటర్ల దగ్గర ఉంది, సరస్సు దానికి 1,100 మీటర్లు పైన. అక్కడ 9 డిగ్రీలున్నప్పుడు సరస్సు దగ్గర సుమారు 2. ఆ సమయానికి కురుస్తుంటే అది తడిమంచో, వానా మంచూ కలిసిన జల్లో అవుతుంది, ఎందుకంటే మంచు రేకులు సున్నా డిగ్రీల గీతకి రెండు, మూడు వందల మీటర్ల కిందిదాకా కరగకుండా రాగలవు. పరిమాణానికి మోటు లెక్క: ఒక మిల్లీమీటరు నీరు సుమారు ఒక సెంటీమీటరు మంచు. తడిమంచైతే అంతకన్నా తక్కువ.

ఈ లెక్కకి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, గాలి లేని తేటరాత్రుల్లో చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, తెల్లవారేసరికి కొండమీదకన్నా లోయలోనే చలి ఎక్కువ ఉండొచ్చు. అప్పుడు ఎత్తు లెక్క తలకిందులు. రెండోది ఫోన్ యాప్. అది చూపించేది చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల నేలకి సగటు ఎత్తు తీసుకుని వేసిన అంచనా, కొండల్లో ఆ సగటు లోయకీ శిఖరానికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. పైగా గాలి ఉష్ణోగ్రతని నేలకి మనిషెత్తున కొలుస్తారు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి అంతకన్నా చల్లబడుతుంది. ఫోన్‌లో 3 డిగ్రీలు చూసి గడ్డ ఉండదనుకుంటే పొరపాటే.

## తెల్లవారుజామునా, ఎండెక్కాకా?

అనుభవం ఉన్నవాళ్లలోనే ఒక వాదన నడుస్తూంటుంది. చీకటితో లేచి వెళ్లమంటారు ఒక వర్గం. నీళ్లు నిశ్చలంగా, చౌఖంబా మబ్బు పట్టకుండా ఉండేది ఉదయమే, మధ్యాహ్నానికి లోయలోంచి మబ్బులు లేచి శిఖరాన్ని కప్పేస్తాయి. వాళ్ల మాటలో తప్పేం లేదు, చూడ్డానికే కదా వెళ్లేది. గట్టిగా బిగిసిన మంచులో కాలు దిగబడదు, ఎక్కడం తేలిక అన్నదీ నిజమే.

రెండో వర్గం ఎండెక్కనివ్వమంటుంది. రాత్రి కట్టిన గాజుపొర ఎనిమిదింటికి గట్టిగా ఉంటుంది, పదిన్నరకి మెత్తబడుతుంది. డిసెంబరు చివర్లో ఆ అక్షాంశంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 36 డిగ్రీలకు మించి ఎక్కడు (అదే రోజు హైదరాబాద్‌లో 49). వాలు ఎండకి ఎదురుగా లేకపోతే ఆ కాస్త వేడీ అందదు. కాబట్టి ఆలస్యంగా వెళ్లినా నీడ మలుపులు అలాగే ఉంటాయన్నది మొదటి వర్గం జవాబు. అదీ నిజమే.

తేడా తేల్చేది ఎక్కడం కాదు, దిగడం. పడేది ఎక్కువగా దిగేటప్పుడే, మోకాళ్లు అలిసి, బరువు ముందుకి తూగుతూ ఉంటుంది కాబట్టి. జనవరి మొదట్లో అక్కడ సూర్యోదయం ఏడుంబావు ప్రాంతంలో, అస్తమయం ఐదున్నరకి. అడవిలో నీడ మూడింటికే పరుచుకుంటుంది, పగలు తడిసినదంతా అప్పటినుంచి మళ్లీ బిగుసుకోవడం మొదలుపెడుతుంది. లెక్క వేద్దాం. గట్టి బాట మీద ఎక్కడానికి రెండున్నర గంటలు, పైన ముప్పావు గంట, దిగడానికి రెండు గంటలు: మొత్తం ఐదుంబావు. తొమ్మిదికి బయల్దేరితే పదకొండున్నరకి సరస్సు, రెండుంబావుకి సారీ. పదకొండుకి బయల్దేరితే చివరి గంట సరిగ్గా బిగుసుకునే వేళలో పడుతుంది. ఆరింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకే సరస్సు చేరతారు. చౌఖంబా దక్కుతుంది, కానీ తొమ్మిదింటికే తిరుగుముఖం పడితే రాత్రి గడ్డ కరగకముందే దాని మీద దిగాలి. తెల్లవారి వెళ్లేవాళ్లు పైన పదిన్నర దాకా ఆగగలిగితే రెండూ దక్కుతాయి, అంతసేపు ఆగడానికి తగ్గ బట్టలుంటే. సున్నా డిగ్రీల్లో గంటకి 20 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 5లా ఉంటుంది. ఎక్కేటప్పుడు చెమటకి తడిసిన నూలు బనీను, జీన్స్‌తో ఆ మైదానంలో రెండు గంటలు కూర్చోవడం కష్టం. నూలు తడిస్తే ఒంటి వేడిని నిలపదు, త్వరగా ఆరదు.

## కాలికి కట్టే ఇనుము

అద్దెకిచ్చేవాళ్లు క్రాంపాన్లు అని చేతికిచ్చేవి చాలావరకు మైక్రోస్పైక్‌లు: రబ్బరు పట్టీకి గొలుసులు, గొలుసులకి సుమారు సెంటీమీటరు పొడవున్న ఉక్కు ముళ్లు. ఏ బూటుకైనా తొడగొచ్చు. అసలు క్రాంపాన్ వేరు. పది, పన్నెండు పొడుగాటి పళ్లున్న గట్టి చట్రం, దానికి బిరుసు అడుగున్న బూటు కావాలి, పర్వతారోహకుల సామాను. ఈ దారికి ఆ పన్నెండు పళ్లవి అనవసరం, అలవాటు లేనివాళ్లకి ప్రమాదం కూడా: ఒక కాలి పన్ను రెండో కాలి ప్యాంటుకి తగులుకుని బోర్లా పడతారు.

మైక్రోస్పైక్‌ల మీద కూడా రెండు మాటలున్నాయి. ట్రెక్కులు నడిపేవాళ్లలో చాలామంది వాటిని తప్పనిసరి అంటారు. ఊళ్లోవాళ్లు రబ్బరు బూట్లతో చకచకా ఎక్కుతూ నవ్వుతారు. ఊళ్లోవాళ్లకి ఏ రాయి ఎప్పుడు గాజెక్కుతుందో తెలుసు, వాళ్ల పాదాలు చిన్నప్పటినుంచి ఆ లెక్క నేర్చుకున్నాయి. హైదరాబాద్‌లాంటి నగరంలో టైల్స్ మీద నడిచే పాదాలు నేర్చుకోలేదు. కాబట్టి ఊళ్లోవాళ్ల మాట వాళ్ల విషయంలో నిజం. అయితే స్పైక్‌లు వేసుకుంటే చాలనడమూ సరికాదు. తాజా మెత్తటి మంచులో వాటివల్ల లాభం లేదు. తడిమంచులో ముళ్ల మధ్య ముద్దలు కట్టి, మడమకింద ఉండలా మారి ఇంకా జారుతుంది, పది అడుగులకోసారి కర్రతో తట్టి రాల్చాలి. వట్టి రాయి మీద ఇనుము జారుతుంది, ముళ్లూ మొద్దుబారతాయి. సోమవారపు మెట్టులాంటి దారిలో, సగం రాయి సగం గాజు, తీయడం తొడగడం విసుగనిపించి జనం సంచీలో పెట్టేస్తారు. నీడ మలుపు సరిగ్గా ఆ తర్వాతే వస్తుంది. కనీసం దిగేటప్పుడు విప్పకుండా ఉంచుకోవడం మేలు.

తొడిగేచోట కూడా తప్పులు జరుగుతాయి. సైజు వదులైతే వాలు మీద రబ్బరు పక్కకి తిరిగి ముళ్లు బూటు అంచుకి వస్తాయి. ఊళ్లోనే తొడిగి, పాదాన్ని పక్కకి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. చేతికర్ర ఒకటైనా ఉంటే రెండు కాళ్లు మూడవుతాయి. కింద చిన్న గుండ్రటి బిళ్ల లేని కర్ర మంచులో గుచ్చుకుపోతుంది.

గైడు కావాలా అన్నదానికి జవాబు పొట్టిది. బాట కనిపిస్తున్నప్పుడు సరస్సు దాకా దారి తప్పడం కష్టం. రాత్రి మంచు పడి, మీరే మొదటి అడుగులైతే, లేదా పొగమంచు పచ్చిక మైదానాన్ని కమ్మేస్తే, సారీలో ఒక మనిషిని వెంటబెట్టుకోవడమే మంచిది. పైన తెల్ల నేలా తెల్ల గాలీ కలిసిపోయి దారి ముఖం ఎటో తెలియదు. చలికి ఫోన్ బ్యాటరీ కూడా హఠాత్తుగా పడిపోతుంది, లోపలి జేబులో ఉంచితే కొంత నిలుస్తుంది.

## గడ్డకట్టిన నీటి మీద

మంచు పడగానే సరస్సు గడ్డకట్టదు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. పైనీరు చల్లబడి కిందికి దిగుతూ, మొత్తం నీరు 4 డిగ్రీలకు వచ్చాకే పైపొర ఇంకా చల్లబడి గడ్డకట్టే వీలు కలుగుతుంది. అందుకే గట్టు తెల్లగా, నీళ్లు నల్లగా ఉండే రోజులు చాలా ఉంటాయి. నీడలో ఉన్న లోతు తక్కువ అంచు ముందు బిగుస్తుంది, మధ్యభాగం ఆఖర్న.

చలిదేశాల్లో ఒక మనిషి నడవడానికి సుమారు 10 సెంటీమీటర్ల తేట గడ్డ కనీసం ఉండాలంటారు. తేట అంటే లోపలికి నల్లగా కనిపించేది. మంచు నాని గడ్డకట్టిన తెల్లపొర బలం అందులో సగమే. పైన కురిసిన మంచు దుప్పటిలా కప్పి గడ్డని మందం కానివ్వదు, పైగా పగుళ్లని దాచేస్తుంది. ఇక్కడ మందం కొలిచేవాళ్లెవరూ లేరు, పగటి ఎండకి అంచులు రోజూ కరుగుతాయి. నిన్న ఒకరు నిలబడి ఫొటో దిగారన్నది ఇవాళ్టి మందానికి రుజువు కాదు. గట్టెక్కడ ముగిసి నీరెక్కడ మొదలవుతుందో మంచు కింద తెలియని రోజు, గడ్డి పరకలు పైకి పొడుచుకొచ్చిన చోటు దాటి ముందుకి వెళ్లకూడదు.

## తేలిక ఎక్కడిదాకా

సరస్సు దగ్గరికి చేరాక ఇంకా బాగా మిగిలి ఉన్న పొద్దుని చూసి, రోహిణీ బుగ్యాల్ అనే పచ్చిక మైదానం మీదుగా చోప్తా దాకా వెళ్దామా అనే మాట వస్తుంది. మ్యాపులో అది ఇదే దారికి కొనసాగింపులా కనిపిస్తుంది. పరిస్థితి మాత్రం వేరు. రాళ్లు పరిచిన బాట అక్కడితో అయిపోతుంది. శీతకాలంలో అటు నడిచేవాళ్లు చాలా తక్కువ కాబట్టి తొక్కిన కాలవ ఉండదు, మంచు నీడ అడవిలో వారాల తరబడి అలాగే నిలుస్తుంది, అప్పడం పొర మోకాలిదాకా దింపుతుంది. చోప్తా చేరినా, పెద్ద మంచు పడ్డాక ఆ రోడ్డు మూసుకుపోవడం మామూలే. అక్కడ బండి ఉండదు. సారీ నుంచి సరస్సుకి వెళ్లిరావడానికి వేసుకున్న ఐదుంబావు గంటల లెక్కలో ఈ దారి లేదు. అటు వెళ్లాలంటే వేరే రోజు, వేరే సామాను, దారి తెలిసిన మనిషి కావాలి.